సంచి దులపడం మానేసిన మా అత్త

మా అత్త మొన్న మంగళవారం పొద్దున పోయింది. టీ తాగింది, గ్లాసు కడిగి బోర్లించింది, ఎదలో ఎట్లనో ఉందని గోడకు ఆనుకుని కూర్చుంది. మా ఆయన ఆటో కోసం వీధి చివరికి పరిగెత్తాడు. ఆటో వచ్చి ఇంటి ముందు ఆగేసరికి అంతా అయిపోయింది. "ఎవురి చేతా చేయించుకోకుండా పోయింది మే, అదృష్టవంతురాలు" అని పక్కింటి పెద్దమ్మ నన్ను ఓదార్చింది. మంచాన పడి ఒకరి మీద ఆధారపడటం ఆమెకు నచ్చే సంగతి కాదని నాకూ తెలుసు. అయినా ఒక్క రోజన్నా నా చేత చేయించుకుని పోయి ఉంటే బాగుండేదనిపించింది. ఇన్నేళ్లు ఒకే కప్పు కింద ఉండి, ఒకరి మీద ఒకరం నోరు చేసుకుని, చివరికి కాళ్లు పట్టే అవకాశమన్నా ఇవ్వకుండా పోతే కోపం రాదా?

ఆమె మీలో చాలామందికి తెలియదు. ఆమె చేతుల మీదుగా వచ్చిన పిండి మాత్రం మీ ఇళ్లలో ఏ పసిబిడ్డో తినే ఉంటుంది. మార్కాపురం బయట ఒకప్పుడు బడి పలకలు తయారైన రేకుల షెడ్డు ఉంది. పలకలకు గిరాకీ తగ్గాక యజమాని అందులో పిల్లలకు, బాలింతలకు పెట్టే బలం పిండి తయారీ మొదలుపెట్టారు. రాగులు, పెసలు, వేరుశనగ పప్పు వేయించి, పిండి పట్టించి, దాంట్లో పాల నుంచి తీసిన ప్రొటీన్ పొడి కలుపుతారు. యజమానిని అందరూ భాయ్ అంటారు. మా అత్త ఆ షెడ్డులో పలకలకు చెక్క చట్రాలు బిగించే కాలం నుంచీ ఉంది. పిండి పని వచ్చాక, ఆ ప్రొటీన్ పొడి సంచులుండే గది తాళంచెవి ఆమె నడుముకు చేరింది. నేను బట్టలు కుట్టేదాన్ని. ఆ షెడ్డులో ఒక్కరోజు కూడా పనిచేయలేదు. అయినా ఆ గదిలో ఏ మూల ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఎందుకంటే సాయంత్రం అన్నం తింటూ ఆమె చెప్పే కబుర్లన్నీ ఆ గదివే. పెళ్లయిన కొత్తలో ఇదేం గోల అనుకునేదాన్ని. తర్వాత అలవాటైపోయింది.

ఆమె రాచర్ల వైపు మెట్ట ఊళ్లో పుట్టింది. వాళ్ల నాయనకు గొర్రెల మంద, కాస్త కొర్ర చేను ఉండేవి. ఆ ఇంట్లో ఏ గింజ దాచినా వేపాకు పడాల్సిందే, ఏది మెత్తబడినా ఎండలోకి పోవాల్సిందే. పాల ప్రొటీన్ పొడి కొత్తగా వచ్చిన ఏడాది వానలకు షెడ్డు గోడ చెమ్మగిల్లింది. గోడకు ఆనించిన సంచుల్లో ఒకదాని అడుగున పొడి గడ్డకట్టింది. భాయ్ ఆ రోజు గిద్దలూరు పోయి ఉన్నారు. మా అత్త ఎవరినీ అడగలేదు. ఉతికిన తెల్ల పంచె పరిచి, పొడంతా ఎండలో ఆరబోసి, కాకులు వాలకుండా కర్ర పట్టుకుని కాపలా కూర్చుంది. విప్పి ఉన్న మరో సంచిలో పచ్చి వేపాకు దట్టించింది. సాయంత్రానికి ఎండలో పొడి రంగు మారి, ఈక కాల్చినట్టు వాసన పట్టింది. వేపాకు సంచిలో పొడి ఆకు చుట్టూ ఉండలు కట్టి చేదెక్కింది. భాయ్ వచ్చి చూసి అక్కడే కూలబడ్డారట.

"ఏందమ్మా ఇది?" అన్నారట.

"ఎండ తగలకుండా ఏ గింజ నిలబడుద్ది భాయ్?"

"గింజ కాదమ్మా ఇది, పాలు. పాలను ఎవరన్నా ఎండలో పెడతారా, చెప్పు?"

ఆ రెండు సంచులూ గుంట తీసి పూడ్చిపెట్టారు. షెడ్డుకు ఎవరు కొత్తగా పనికొచ్చినా మా అత్త మొదట ఈ కథే చెప్పేది, కాకుల్ని అదిలించడం కూడా చేసి చూపించి మరీ నవ్వించేది. నవ్వడం అయ్యాక గొంతు మార్చి, "పొడి అయినంత మాత్రాన పాలు పాలు కాకుండా పోతాయా?" అని అడిగేది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఎవరూ సంచి ముట్టుకోవడానికి వీల్లేదు.

ఆ తర్వాత ఆ గదిని ఆమె పాలు దాచిన ఉట్టిలాగే చూసుకుంది. సంచి నేల మీద పెట్టనిచ్చేది కాదు. చెక్క బల్లల మీద, గోడకూ సంచికీ మధ్య మనిషి దూరి ఊడ్చుకునేంత సందు వదిలి పేర్పించేది. రేకుల వేడి నేరుగా దిగే వైపు నుంచి చల్లని వైపుకు గది మార్పించింది. ముందొచ్చిన సంచి ముందు పోవాలి. పై కాగితం మీది దుమ్ము తుడిచాకే సంచి లోపలికి రావాలి. కుట్టు దారం లాగి విప్పాలి తప్ప కాగితం చింపకూడదు, చింపితే ముక్కలు పిండిలో పడతాయి. వాడగా మిగిలితే లోపలి ప్లాస్టిక్ కవరు మెలేసి గట్టిగా కట్టాలి. కొలిచే డబ్బా లోపల వదలకూడదు. తడి చెయ్యి తగలకూడదు. ఫినాయిల్ సీసా, ఎండుచేపల క్యారియరు ఆ గడప దాటకూడదు. పక్కన ఏముంటే ఆ వాసన పాలు లాక్కుంటాయని, పొడికీ ఆ బుద్ధి పోలేదని అనేది. ఒకసారి సంచులు దించడానికి వచ్చిన లారీ మనిషి చెవిలో బీడీ పెట్టుకుని గదిలోకి వచ్చాడని పెద్ద రాద్ధాంతం చేసింది. ముట్టించలేదు కదమ్మా అని అతను ఎంత మొత్తుకున్నా వినలేదు.

ఇన్ని నేర్చుకున్న మనిషి రెండు సంగతుల్లో మాత్రం మొండికేసింది. ఒకటి మూతికి మాస్కు. "పలకల పనిలో రాతి దుమ్ము మింగినదాన్ని, ఈ పాల దుమ్ము నన్నేం చేస్తది?" అనేది. రెండోది సంచి దులపడం. మెట్ట సేద్యం చేసినవాళ్ల ఇళ్లలో ఖాళీ అయిన గోతాన్ని తిరగేసి, నేలకు కొట్టి, చివరి గింజ రాలేదాకా దులుపుతారు. గోతంలో గింజ వదిలేస్తే ఇంటి పెద్దలు ఊరుకోరు. మా అత్త ఆ ప్రొటీన్ పొడి సంచుల్నీ అట్లాగే తిరగేసి దబదబా కొట్టేది. షెడ్డులో ఆడవాళ్లందరూ అదే పని. సాయంత్రం వాళ్ల చీరల మీద సన్నటి తెల్లదుమ్ము ఉండేది. వీధిలో వస్తుంటే ఎవరు ఏ పనికి పోయి వస్తున్నారో ఆ దుమ్మును చూసి చెప్పొచ్చు. అందులో తప్పేముందని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

అప్పుడు మా పాప పుట్టింది. మనవరాలికి తొలి ముద్ద తన చేతి పిండితోనే పెట్టాలని మా అత్త నెలల తరబడి ఎదురుచూసింది. ఆ రోజు షెడ్డు నుంచి కొత్త ప్యాకెట్టు తెచ్చి, జావలా కాచి, చల్లార్చి, ప్రార్థన చేసి, వేలితో తీసి పాప నాలుకకు రాసింది. పాప చప్పరించింది. మేం నవ్వుకున్నాం. నవ్వు ఇంకా ముగియకముందే పాప పెదవులు ఉబ్బాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి పీల్చుకోవడం కష్టమైంది. ఆస్పత్రికి ఎట్లా పోయామో నాకు సరిగ్గా గుర్తులేదు. ఆటోలో మా అత్త వేలు ఇంకా జావతోనే ఉండటం గుర్తుంది. డాక్టరమ్మ వెంటనే సూది వేసి కాపాడింది. పరీక్షలు చేయించి, పాపకు పాలలోని ప్రొటీన్ పడదని, పాలు, పెరుగు, నెయ్యి, పాలపొడి కలిసిన బిస్కెట్టు ఏదీ తాకనివ్వొద్దని చెప్పింది.

మా అత్త, ఊరంతటి పిల్లలకు బలమిచ్చే పిండి తన ఇంటి బిడ్డకే విషమైందని కుమిలిపోయింది. ఇంట్లోకి పాల ప్యాకెట్టు రావడం మానేసింది. మేం డికాషనే తాగాం. పక్కిళ్లవాళ్లకు కూడా చెప్పాం, పాపకు ఏమీ పెట్టొద్దని. ఇంత చేసినా సాయంత్రమయ్యేసరికి పాప బుగ్గల మీద, మూతి చుట్టూ, ఒక్కోసారి తొడల మీద దద్దుర్లు వచ్చేవి. ఎక్కడి నుంచి వస్తున్నాయో అంతుబట్టలేదు. ఎవరో దిష్టి అన్నారు, ఎవరో చీమలన్నారు. దద్దురు కనిపించినప్పుడల్లా ఆ రోజు పాప ఊపిరి తీసుకోలేక ఎగబీల్చిన చప్పుడు నా చెవుల్లో తిరిగేది. మళ్లీ అంత పెద్దగా వస్తే, ఈసారి ఆస్పత్రి దాకా అందుతామో లేదోనని భయంతో చచ్చిపోయేదాన్ని.

కనిపెట్టింది మా అత్తే. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక పాపను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు దాని మొహమే చూస్తూ కూర్చుంది. ఆ రోజు ఆరాధన మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా పాప ఆమె చంకలోనే ఉంది. చొంగ కారితే ఆమే తుడిచింది. దద్దురు ఒక్కటీ లేదు.

"అమ్మాయ్, ఆదివారం దీనికి ఎప్పుడన్నా వచ్చినాయా?" అని అడిగింది.

ఆలోచించాను. రాలేదు.

"ఆదివారం నేను కట్టుకునేది చర్చి చీర. మిగతా రోజులు షెడ్డు చీర. రాంగానే దీన్ని ఎత్తుకుంటా. కొంగుతో మూతి తుడుస్తా." తన కొంగును చేతిలోకి తీసుకుని చూసుకుంది. "బిస్కెట్టూ కాదు, దిష్టీ కాదు మే. నేనే తెస్తాండా."

ఆ మాట అన్నప్పుడు ఆమె ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది. మన దగ్గర ఏ అవ్వ బిడ్డ మూతి కొంగుతో తుడవదు చెప్పండి. ప్రేమ అంటే అదే కదా మనకు తెలిసింది. ఆ కొంగులోనే అంత ప్రమాదం ఉందని ఏ తల్లికి తోస్తుంది?

మా ఆయన ఆ సాయంత్రమే తేల్చేశాడు. "అమ్మా, నువ్వు పని మానుకో. నేను సంపాదిస్తుండా కదా, చాలు."

"నేను మానితే పొడి మానుద్దా?" అన్నది మా అత్త. "మన వీధిలో ఆ షెడ్డుకు పోయే ఆడోళ్లు ఎందరు లేరు? నీ బిడ్డను ఎత్తుకోనిది ఎవురు? ఎందరి చేతులు పట్టుకుంటావు నువ్వు? తాళం నా కాడ ఉంటేనే నా మాట చెల్లుద్ది. ఇంకొకరి నడుముకు పోయినాక నేను వీధిలో ముసల్దాన్ని, అంతే."

నాకు మాత్రం ఆమె మానేస్తే ప్రాణం హాయిగా ఉండేది. కానీ ఆ మాటలో న్యాయం ఉంది, కాదనలేకపోయాను.

మర్నాటి నుంచి మా ఇంటి ముందు కొత్త తతంగం మొదలైంది. సాయంత్రం మా అత్త గేటు దగ్గరకు రాగానే పాప పాకుతూ ఎదురెళ్లేది. ఆమె రెండు చేతులూ పైకెత్తి, "ఆగు తల్లీ, ఆగు, నేను రాలేదు ఇంకా" అంటూ పక్క సందులోంచి పెరట్లోకి పోయేది. తలస్నానం చేసి, ఇంటి చీర కట్టుకుని, షెడ్డు చీర విడిగా బకెట్లో నానబెట్టి, అప్పుడు ముందు గదిలోకి వచ్చి "ఇప్పుడొచ్చినా" అనేది. పాపకు అదొక ఆటయింది. అవ్వను చూడగానే అది కూడా రెండు చేతులూ పైకెత్తేది. చలికాలం సాయంత్రాలు ఆమె తడి తలతో వణుకుతూ మనవరాలిని ఎత్తుకోవడం చూస్తే నాకు పాపమనిపించేది. గోరువెచ్చని నీళ్లు కాచిపెట్టడం తప్ప చేయగలిగింది లేదు.

ఆ తర్వాత ఆమె షెడ్డు మీద పడింది. దుమ్ము ఇంటికి రాకుండా చూడటం కాదు, దుమ్మే లేవకుండా చూడాలన్నది. ఆడవాళ్లు ఒప్పుకోలేదు. దులపకుండా సంచి పారేస్తే పాపం కాదా అన్నారు. మా అత్త వాదించలేదు. షెడ్డు మూల పడి ఉన్న పాత నల్ల పలక ఒకటి తెచ్చి, శుభ్రంగా తుడిచి, కిటికీ అరుగు మీద పెట్టింది. ఎప్పటిలాగే ఒక ఖాళీ సంచి దులపమంది. అందరూ టీ తాగి వచ్చేసరికి నల్ల పలక తెల్లగా మారింది. దాని మీద వేలితో ఒక గీత గీసి చూపించింది.

"ఇది పలక కాదు మే, మన కొంగు. ఇంటికి పోయి దీంతోనే కదా పిల్లోళ్ల మూతులు తుడిచేది."

అందరి పిల్లలకూ పాలు పడకపోవు. అది వాళ్లకు తెలుసు. కానీ మా పాపను ఎత్తుకోని ఆడమనిషి ఆ షెడ్డులో లేదు. ఆ రోజు ఎవరూ మళ్లీ ఎదురు చెప్పలేదు.

భాయ్ దగ్గర మాత్రం గట్టిగానే నడిచింది. "నీ మనవరాలి కోసం షెడ్డంతా మారాలా అమ్మా?" అని ఆయన అడిగారు.

"నా మనవరాలి కోసమే భాయ్, దాచేదేముంది? మీ పిండి పోయే ఇళ్లల్లో అట్లాంటి బిడ్డ ఇంకొకటి లేదని మీకు ఎవురు చెప్పినారు?"

భాయ్ మంచి మనిషి. పొడి పంపే కంపెనీ వాళ్లకు ఫోన్ చేసి అడిగారు. వాళ్లూ అదే చెప్పారు. దుమ్ము లేపకూడదు, పీల్చకూడదు, గాల్లో పట్టిన పొడికి నిప్పు తగిలితే అంటుకుంటుంది, పాలు ఉన్నదీ లేనిదీ కలవకూడదు. ఆయన బట్టలు మార్చుకోవడానికి ఒక గది, స్నానానికి నీళ్లు ఏర్పాటు చేశారు. చీపురు తీసేసి దుమ్ము పీల్చే మిషన్ కొన్నారు. దాని తొండం చూసి మా అత్త దానికి ఏనుగు అని పేరు పెట్టింది. మొదట్లో దాన్ని నమ్మలేదు. అది పీల్చాక ఎందుకైనా మంచిదని బాగా పిండిన గుడ్డతో మళ్లీ తుడిపించి, పొడి గుడ్డతో తడి లేకుండా ఒత్తించేది. షెడ్డులో వేసుకునే పైకోట్లు కుట్టే పని నాకు వచ్చింది. నేను ముచ్చటగా జేబులు పెట్టి కుట్టాను. మా అత్త ఒక్కో జేబూ విప్పదీయించింది. "జేబులో పొడి సంసారం పెడతది" అన్నది. మణికట్టు దగ్గర ఎలాస్టిక్ వేయించింది. మాస్కు కూడా కట్టుకుంది.

సంచి దులపడం మానేయడమే ఆమెకు అన్నింటికన్నా కష్టమైంది. ఖాళీ సంచిని కదపకుండా, పసిబిడ్డ కింది పక్కబట్ట తీసినట్టు, నోరు లోపలికి మడిచి మెల్లగా చుట్టాలి. చుట్టేటప్పుడు అడుగున రవ్వంత పొడి మిగిలిపోవడం ఆమె కంటికి కనిపించేది. "మా నాయన చూస్తే కొడతాడు" అనుకుంటూ కళ్లు పక్కకు తిప్పుకుని చుట్టేదట. చేతులు తన మాట వినడం లేదని ఇంటికొచ్చి చెప్పుకునేది. పుట్టినప్పటి నుంచీ గింజ వదలొద్దని నేర్చిన చేతులు అవి. వాటికి ఒక బిడ్డ కోసం మళ్లీ మొదటి నుంచి నేర్పింది. నేను ఆమె గురించి గొప్పగా చెప్పుకోవాలంటే చెప్పేది ఇదే.

పాలు లేని పిండి కూడా ఆమె పట్టుదలే. శనివారం షెడ్డంతా కడిగి ఆరబెట్టేవారు. సోమవారం విడిగా దాచిన డబ్బాలతో, విడి జల్లెళ్లతో రాగి, పెసర, వేరుశనగ పిండి కలిపి ప్యాకెట్లు అంటించేసేవారు. ఆ రోజు పాలపొడి గది తెరవడమే ఉండదు. ప్యాకెట్టు మీద పాలు లేవని పెద్ద అక్షరాలు, మిగతా వాటి మీద పాలు ఉన్నాయని అంతకన్నా పెద్ద అక్షరాలు వేయించింది. ఇంత చేసినా ఆ ప్యాకెట్టు మా ఇంటికి మాత్రం తేలేదు. షెడ్డుకు పోయినప్పుడు భాయ్ నన్ను అడిగారు, మీ పాప తింటోందా అని. ఇంటికొచ్చి, ఎందుకు తేవడం లేదని ఆమెనే అడిగాను.

"నాకు నమ్మకం కుదిరిన రోజు తెస్తా" అన్నది.

ఆ నమ్మకం కుదరడానికి చాలాకాలం పట్టింది. ఆ పిండిని భాయ్ చేత పరీక్షకు పంపించింది, ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ. కాగితాలు డాక్టరమ్మకు చూపించమని నన్ను పంపింది. డాక్టరమ్మ సరేనని, తన ఎదుటే మొదటిసారి తినిపించమన్నది. ఆ రోజు ఆస్పత్రి గదిలో మా అత్త పాప దగ్గరకు రాలేదు. తలుపు అవతల నిలబడింది. నేనే స్పూనుతో పెట్టాను. పాప తిన్నది, ఇంకా కావాలన్నది. మేం కాచుకుని కూర్చున్నాం. పెదవులు ఉబ్బలేదు, బుగ్గలు కందలేదు, ఊపిరి మామూలుగా ఉంది. డాక్టరమ్మ ఇక ఇంటికి పోవచ్చన్నాక నేను బయటికొచ్చి చూస్తే, మా అత్త నడవాలో మోకాళ్ల మీద ఉంది. ఆమె ప్రార్థనలు పొడుగ్గా ఉంటాయని చర్చిలో అందరూ ఎగతాళి చేసేవారు. ఆ రోజు మాత్రం ఆమె నోట్లో ఒక్క మాటే వినిపించింది. "తిన్నది ప్రభువా, తిన్నది" అంటోంది.

ఇప్పుడు మా పాప బడికి పోతోంది. టిఫిన్ డబ్బా మూత తీయకముందే ఎవరేం తెచ్చారో అడిగి తెలుసుకుని కూర్చోవడం నేర్చుకుంది. సోమవారం పిండి పుల్లలచెరువు వైపు కూడా పోతోందని, అక్కడ ఒక తల్లి భాయ్‌కి ఫోన్ చేసి ఏడ్చిందని మా అత్త ఒకరోజు చెప్పింది. చెప్పి, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. కిందటి పరీక్షలో పాపకు పాలు పడకపోవడం బాగా తగ్గిందని, త్వరలో ఆస్పత్రిలోనే ఉంచుకుని, పాలు కలిపి బాగా కాల్చిన రొట్టె రవ్వంత పెట్టి చూద్దామని డాక్టరమ్మ అన్నది. మా అత్త దానికోసం కాచుకుని ఉంది. ఆ రోజు ఆమె ఉండాల్సింది. నాకు మిగిలిన పెద్ద బాధ అదే.

మంగళవారం సంగతికి వస్తాను. ఈ మధ్య మోకాళ్ల నొప్పులతో, గది తాళంచెవి ముందురోజే అక్కడివాళ్లకు అప్పగించి, ఆమె షెడ్డుకు కాస్త ఆలస్యంగా పోయేది. మా ఆయన ఫోన్ చేసేసరికి అక్కడ పని మొదలై చాలాసేపయింది. రాచర్ల వైపు నుంచి బంధువులు ఆటోలు కట్టుకుని వచ్చేశారు. పాస్టరుగారు వచ్చారు. పాటలు మొదలయ్యాయి. షెడ్డు మనుషులు మాత్రం ఒక్కరూ రాలేదు. మా అత్త చెల్లెలు ఊరుకోలేదు.

"ఇన్నేళ్లు కలిసి పనిచేసినోళ్లు. రెండు వీధుల అవతలే గదా షెడ్డు. ఇంకా రాలేదేందిమే?"

నాకూ మనసు చివుక్కుమంది. పాప అవ్వ కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. అప్పటిదాకా ఏడవలేదు, ఎవరు పిలిచినా పోలేదు, బంధువులు ఎత్తుకోబోతే చేతులు విదిలించింది. దాన్ని చూస్తుంటే నాకు భయమేసింది.

ఎండ ముదిరాక వాళ్లొచ్చారు, అందరూ ఒకే గుంపుగా. భాయ్ వెనకాల నడుస్తున్నారు, చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుని ఉన్నారు. ఆడవాళ్లందరి తలలూ తడిసి ఉన్నాయి. జుట్టు విరబోసుకుని, ఉతికిన చీరలు కట్టుకుని ఉన్నారు. వాకిట్లో ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు. మా వైపు ఏ మతం వాళ్లయినా చావింటి నుంచి పోయాక తలస్నానం చేస్తారు. చేసి రావడం ఎవరూ చూడలేదు.

ముందున్న ఆమె నా చేతులు పట్టుకుంది. "ఏమీ అనుకోవద్దు వదినా. పొద్దున్నే పాలపొడి సంచులు విప్పినాము. ఉండేది ఒకటే స్నానాల గది. ఒకరి తర్వాత ఒకరం పోసుకునేసరికి ఇంతసేపయింది. ఏడ్చేటప్పుడు పాప ఎవురి మీద పడతదో తెలవదు కదా."

నేను జవాబు చెప్పేలోపే పాప లేచింది. మనుషుల మధ్యలోంచి దారి చేసుకుని వచ్చి, ఆ తడి జుట్టు ఆడవాళ్లలో అందరికన్నా ముందున్న ఆమె నడుము చుట్టేసి, అప్పుడు గొంతెత్తి ఏడ్చింది. ఆమె దాన్ని ఎత్తుకుని నేల మీద కూలబడింది. మిగతావాళ్లు చుట్టూ కూర్చున్నారు. పాప ఒకరి ఒళ్లోంచి ఇంకొకరి ఒళ్లోకి పోతూ ఏడ్చింది, చేతులన్నీ దాని వీపు నిమిరాయి, వాళ్ల జుట్టులోంచి కారిన నీళ్లకు దాని గౌను భుజాల దగ్గర తడిసిపోయింది.